డాక్టరమ్మ అడిగేది అమ్మాయిని

మా వైపు కొత్త కోడలు నెల తప్పిందని తెలియగానే ఇంట్లో వినపడే మొదటి మాట, "ఇప్పుడే ఎవరికీ చెప్పకండి" అని. ఆ వెంటనే వచ్చే రెండో మాట, "మూడో నెల వెళ్ళాక డాక్టరుకి చూపిద్దాంలే" అని.

మొదటి మాటతో నాకు పేచీ లేదు. దిష్టి అనండి, భయం అనండి, గర్భం నిలవకపోవడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. ఊరంతా తెలిశాక అలా జరిగితే ఆ పిల్ల కనపడ్డవాళ్ళందరికీ సమాధానం చెప్పుకోవాలి. ఆ బాధ లేకుండా పెద్దవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది, అందులో దయ ఉంది. నా గొడవంతా రెండో మాటతోనే. వీధిలో చెప్పకపోతే ఏమీ పోదు. డాక్టరుకి చెప్పకపోతే మాత్రం ఆ మూడు నెలల్లో చేయాల్సినవి తర్వాత చేయలేం.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, పుట్టిల్లు పాలకొల్లు వైపు. రెండు వైపులా ఆడపిల్లలకి ఆస్పత్రి అంటే తోడు వెళ్ళేది నేనే. పీహెచ్‌సీ బల్లల మీదా కూర్చున్నాను, ప్రైవేటు నర్సింగ్ హోముల్లో ఏసీ హాళ్ళలోనూ కూర్చున్నాను. ఇదంతా చూశాక నేను గట్టిగా నమ్మేది ఒకటే. మొదటి విజిట్‌లో అన్నిటికన్నా విలువైనది ఆ అమ్మాయి తన నోటితో డాక్టరుకి చెప్పే సంగతి. స్కానింగు, రక్తపరీక్షలు అన్నీ దాని తర్వాతే. ఆ సంగతి చెప్పడానికి తొందరగా వెళ్ళాలి, వెళ్ళాక ఆమెని చెప్పనివ్వాలి. మన ఇళ్ళల్లో చాలాచోట్ల ఈ రెండూ జరగట్లేదు.

తొందర ఎందుకంటే, బిడ్డకి మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం కడుపు పడిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. అంటే నెల తప్పి రెండు వారాలు కూడా కాకుండానే. ఆ గొట్టం సరిగ్గా మూసుకోవడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి, రోజుకి 400 మైక్రోగ్రాములు. అసలైతే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే వేసుకోవాల్సిన మాత్ర అది. మూడో నెల దాటాక మొదలుపెడితే ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

అలాగే అమ్మాయి అప్పటికే వాడుతున్న మందులు. బీపీకి టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటివి వాడేవాళ్ళకి డాక్టరు వాటిని మార్చేస్తారు, అవి కడుపులో బిడ్డకి మంచివి కావు. ఫిట్స్‌కి వాల్ప్రోయేట్ వాడేవాళ్ళ సంగతీ అంతే, కానీ దాన్ని ఎవరంతట వాళ్ళు ఆపేయకూడదు, ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. థైరాయిడ్ మాత్ర దీనికి పూర్తిగా తిరగేసిన కథ. "కడుపుతో ఉన్నప్పుడు మందులు పడవు" అని ఇంట్లోవాళ్ళు మాన్పించేస్తారు. ఆ మాత్ర మానకూడదు సరికదా, చాలామందికి డోసు పెంచాల్సి వస్తుంది. మొదటి నెలల్లో బిడ్డకి కావాల్సిన థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే వెళ్తుంది. ఇలాంటి నిర్ణయాలు మూడో నెల దాకా ఆగవు.

ఇంకొకటి, గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలబడడం. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కొంచెం కొంచెంగా రక్తం కనపడడం, కళ్ళు తిరగడం దాని గుర్తులు. ట్యూబు పగిలితే లోపల రక్తం పోయి ప్రాణం మీదికొస్తుంది. మూడో నెల దాకా ఆగుదాం అనుకున్న ఇంట్లో దీన్ని "వేడి చేసింది" అని సరిపెట్టుకుని, కొబ్బరినీళ్ళు తాగించి పడుకోబెట్టడం నాకు తెలుసు. ఆ లక్షణాలు కనపడితే అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు, 108కి ఫోన్ చేసి బయల్దేరాలి.

మన దేశంలో ఆరోగ్యశాఖ చెప్పేది కూడా 12 వారాల్లోపే పేరు నమోదు చేయించుకోమని. ఊళ్ళో ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎమ్‌కో ఒక్క మాట చెబితే చాలు. వాళ్ళు రిజిస్టర్‌లో రాసుకుని తల్లీబిడ్డల రక్షణ కార్డు ఇస్తారు. ప్రైవేటులో చూపించుకునేవాళ్ళు "మాకెందుకు" అని దీన్ని వదిలేస్తున్నారు. వదలకండి. మాతృ వందన పథకం కింద మొదటి కాన్పుకి వచ్చే 5,000 రూపాయలకీ, బిడ్డ టీకాలకీ ఆ నమోదే ఆధారం.

ఇక వెళ్ళే రోజు సంగతి. ఆధార్ కార్డు, బ్యాంకు పాస్ పుస్తకం అందరూ గుర్తుపెట్టుకుంటారు. మర్చిపోయేవి వేరే ఉన్నాయి. అమ్మాయి వాడుతున్న మందుల పట్టీలు ఉన్నవి ఉన్నట్టుగా ఒక కవర్లో వేసుకుని వెళ్ళండి. ఊళ్ళో ఆర్ఎంపీ గారు పేపర్లో చుట్టి ఇచ్చిన మాత్రలైనా సరే, ఆయుర్వేదం పొడైనా సరే, మొటిమలకి రాసుకునేదైనా, మింగేదైనా సరే. మొటిమలకి మింగే మందుల్లో ఐసోట్రెటినోయిన్ అని ఒకటుంది, అది గర్భంతో ఉన్నప్పుడు అసలు పడకూడని మందు. "ఏదో తెల్ల మాత్ర వేసుకుందండి" అంటే డాక్టరుకి ఏమీ తెలీదు. పట్టీ చూస్తే నిమిషంలో తెలుస్తుంది. పాత రిపోర్టులు, ఇదివరకు ఆపరేషన్ ఏదైనా అయి ఉంటే ఆ కాగితాలు, భర్త బ్లడ్ గ్రూపు కూడా కావాలి.

ఏమీ తినకుండా వెళ్ళాలా అని చాలామంది అడుగుతారు. మన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకి చేసే షుగర్ పరీక్షకి పరగడుపు అక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 గానీ, అంతకుమించి గానీ వస్తే గర్భంతో వచ్చిన షుగర్ అంటారు. మొదటిసారి మామూలుగా వచ్చినా 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చేస్తారు. ప్రైవేటులో కొందరు పరగడుపున రమ్మంటారు, ముందు రోజే ఫోన్ చేసి కనుక్కుంటే సరి. అసలే వేవిళ్ళతో ఉన్న పిల్లని తెల్లారగట్ల బస్సెక్కించి, పదకొండు గంటల దాకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగనివ్వకుండా వరసలో కూర్చోబెట్టడం చూస్తే నాకు కోపం వస్తుంది. ఎవరూ అలా చేయమనలేదు. మనకి మనమే అనుకుని చేస్తున్నాం.

బట్టల గురించి ఒక చిన్న విషయం. బిగుతు చేతుల జాకెట్టు వేసుకెళ్ళకండి. బీపీ పట్టీ చుట్టడానికి జాకెట్టు చేతిని పైకి తోసి, అది భుజం కింద తాడులా బిగుసుకుపోయి ఉండగానే బీపీ చూసేయడం మొన్న కూడా చూశాను. అలా చూస్తే వచ్చే అంకె సరైనది కాదు. మొదటి విజిట్ బీపీ ఆ తొమ్మిది నెలలకీ కొలబద్ద. ఏడో నెలలో 140/90 వచ్చిందనుకోండి, ముందు నుంచీ ఉన్నదా, గర్భంతో వచ్చిందా అని డాక్టరు చూసేది ఈ మొదటి అంకెనే. మెట్లెక్కి వచ్చీ రాగానే చూస్తుంటే, "ఐదు నిమిషాలు కూర్చుంటానమ్మా" అని సిస్టర్‌కి చెప్పొచ్చు. ఎవరూ కాదనరు.

గదిలోకి వెళ్ళగానే అడిగే మొదటి ప్రశ్న ఆఖరి డేట్ ఎప్పుడని. రక్తస్రావం మొదలైన మొదటి రోజు కావాలి, ఆగిన రోజు కాదు. మన వాళ్ళు తారీకులు చెప్పరు, "భోగి నాడు", "అట్లతద్దికి ముందు రోజు" అంటారు. అదీ మంచిదే, క్యాలెండర్ తీస్తే తేదీ దొరుకుతుంది. ఆ తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలుపుతారు. భోగి జనవరి 14న వచ్చి, అదే మొదటి రోజైతే కాన్పు తేదీ అక్టోబరు 21. మొత్తం 280 రోజులు, అంటే 40 వారాలు. నెలసరి సరిగ్గా రానివాళ్ళకి ఈ లెక్క కుదరదు, అప్పుడు స్కానింగ్‌తో తేలుస్తారు. మొదటి మూడు నెలల్లో చేసిన స్కాన్ చెప్పే తేదీకి వారానికి మించి తేడా ఉండదు. తర్వాత తర్వాత చేసేకొద్దీ తేడా పెరుగుతుంది. తొందరగా వెళ్ళమనడానికి ఇదీ ఒక కారణం. చివర్లో "డేట్ దాటిపోయింది, ఆపరేషన్ చేసేయాలి" అన్నప్పుడు నిజంగా దాటిందా లేదా అని చెప్పగలిగేది ఆ మొదటి స్కానే.

ఈ వారాల లెక్క ఇళ్ళల్లో పెట్టే చిచ్చు గురించి ఎవరూ మాట్లాడరు. నేను మాట్లాడతాను. మా తోటికోడలిని అడిగి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను.

మా మరిది కువైట్‌లో ఉంటాడు. మా కోనసీమలో గల్ఫ్ వెళ్ళినవాళ్ళు లేని వీధి ఉండదు. సెలవు మీద వచ్చి వెళ్ళాడు, ఆ తర్వాత ఆమె నెల తప్పింది. నేను, అత్తగారు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ డేట్ అడిగి, చక్రంలాంటి అట్ట ఒకటి తిప్పి చూసి, "ఎనిమిది వారాలమ్మా" అంది. మా అత్తగారు వేళ్ళ మీద ఏదో లెక్క కట్టుకున్నారు. ఆవిడ ముఖం మారిపోయింది. "మావాడు ఊళ్ళోకొచ్చి ఏడు వారాలే కదమ్మా" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా తోటికోడలు నా చెయ్యి పట్టుకుంది, ఆ చెయ్యి చల్లగా ఉంది. డాక్టరమ్మకి ఇది కొత్త కాదనుకుంటాను. పెన్ను కింద పెట్టి, "లెక్క డేట్ వచ్చిన మొదటి రోజు నుంచి కడతామండి. ఆ రోజుకి కడుపు ఎవరికీ ఉండదు. గర్భం నిలబడేది ఇంకో రెండు వారాలకి. ఎనిమిది వారాలంటే లోపల బిడ్డ వయసు ఆరు వారాలే. మీ అబ్బాయి వచ్చిన వారానికి, సరిగ్గా సరిపోయింది" అని టేబుల్ మీద క్యాలెండర్ తిప్పి చూపించింది. అత్తగారు ఆ క్యాలెండర్ చాలాసేపు చూశారు. "అలాగా తల్లీ, మా రోజుల్లో ఈ లెక్కలు తెలీవు" అన్నారు.

మా అత్తగారు అక్కడే నోరు తెరిచి అడిగారు కాబట్టి అక్కడే తేలిపోయింది. అడగకుండా అనుమానం మనసులో పెట్టుకుని ఇంటికి మోసుకెళ్ళే ఇళ్ళు ఎన్నో ఉంటాయి. పెళ్ళై ఐదు వారాలే అయితే డాక్టరు ఏడు వారాలనడంలో వింతేమీ లేదు. భర్త గల్ఫ్ నుంచి వచ్చి ఏడు వారాలైతే ఎనిమిది వారాలనడంలోనూ లేదు. పెళ్ళికొడుకుల తల్లులు, ఆడపడుచులు, అందరూ తెలుసుకోవాల్సిన లెక్క ఇది.

డేట్ తర్వాత వచ్చే ప్రశ్నలే అసలైనవి. మేనరికమా? ఇంట్లో ఎవరికైనా షుగర్, బీపీ, ఫిట్స్ ఉన్నాయా? పుట్టుకతో లోపమున్న పిల్లలు మీ ఇళ్ళల్లో ఉన్నారా? ఇంతకుముందు ఎప్పుడైనా కడుపు పోయిందా, తీయించుకున్నావా? మేనరికం అని చెప్పడానికి మనవాళ్ళు ఈ మధ్య మొహమాటపడుతున్నారు, డాక్టరు తిడుతుందని. తిట్టడానికి కాదు అడిగేది. ఎవరికైనా పుట్టే బిడ్డల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పుట్టుక లోపం ఉండొచ్చు. దగ్గర సంబంధాల్లో అది దాదాపు రెట్టింపవుతుంది. అంటే మేనరికం చేసుకున్నవాళ్ళలోనూ ఎక్కువమందికి ఆరోగ్యంగా ఉన్న పిల్లలే పుడతారు. ముందే తెలిస్తే తలసీమియా లాంటి, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తం జబ్బులకి రక్తపరీక్ష చేయిస్తారు, స్కాన్‌లు ఇంకా జాగ్రత్తగా చూస్తారు.

"ఇంతకుముందు కడుపు పోయిందా?" అన్న ప్రశ్న దగ్గర ఆగుతాను. నేను చూసిన ఒక అమ్మాయి విషయంలో ఆ ప్రశ్న ఇలా జరిగింది. డాక్టరు అడిగింది అమ్మాయిని. జవాబు చెప్పింది వెనక నిలబడిన అత్తగారు, "లేదండి, ఇదే మొదటిది" అని. అమ్మాయి తల దించుకుంది. డాక్టరు "లేదు" అని రాసేసుకుంది. పెళ్ళికి ముందో, పుట్టింట్లో ఉన్నప్పుడో, అత్తింటికి తెలియకుండానో ఏదైనా జరిగి ఉండొచ్చు. అది ఆమె సొంత విషయం, నాకు అక్కర్లేదు. కానీ డాక్టరుకి కావాలి. తల్లి బ్లడ్ గ్రూపు నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, ఇదివరకటి అబార్షన్ అప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ వేయకపోతే తల్లి రక్తంలో బిడ్డ రక్తాన్ని దెబ్బతీసే పదార్థం తయారై ఉండొచ్చు. ఆ పాత సంగతి తెలిస్తే పరీక్ష చేసి చూస్తారు. లేకపోతే "మొదటి కాన్పే కదా" అని ఊరుకుంటారు. ఒక అబద్ధపు "లేదండి" వల్ల బిడ్డ ప్రాణం ప్రమాదంలో పడొచ్చు, ఆ అబద్ధం చెప్పినావిడకి తాను అబద్ధం చెప్పానని కూడా తెలీదు.

అందుకే నేను వాదించేది ఇది. మొదటి విజిట్‌లో కొద్దిసేపైనా ఆ అమ్మాయి డాక్టరుతో ఒంటరిగా ఉండాలి. అత్తగారు లేకుండా, అమ్మ లేకుండా, భర్త కూడా లేకుండా. ఇంట్లో కొడుతున్నారా అనే ప్రశ్నకి భర్త పక్కనుంటే ఎవరు నిజం చెబుతారు? నెలలు నిండేదాకా కలవొచ్చా అని, మూత్రానికి వెళ్తే మంట అని, తెల్లబట్ట దురద అని అత్తగారి ముందు ఎవరు అడుగుతారు? ఆ మూత్రం మంట చిన్నదేమీ కాదు, గర్భంతో ఉన్నప్పుడు పట్టించుకోకపోతే కిడ్నీ దాకా పోతుంది, నెలలు నిండకుండా నొప్పులు రావడానికీ కారణమవుతుంది.

డాక్టర్లకి చెప్పుకునేది, మీరే అడగండి. "బరువు చూడాలి, అమ్మాయి ఒక్కతే లోపలికి రావాలి" అని సిస్టర్ చేత అనిపిస్తే ఎవరికీ తప్పుగా తోచదు. ఓపీ రద్దీ నాకు తెలీనిది కాదు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు దొరికే చోట ఒంటరిగా మాట్లాడడం కష్టమే. ఆ మూడు నిమిషాల్లో ఒక్కటైనా అమ్మాయికి ఇవ్వండి. తోడు వెళ్ళేవాళ్ళకి చెప్పుకునేది, మీ అంతట మీరే లేవండి. "నేను బయట కూర్చుంటానమ్మా, నువ్వు మాట్లాడు" అన్న మాట అత్తగారి నోటి నుంచి వస్తే ఆ కోడలు దాన్ని జన్మలో మర్చిపోదు.

రక్తపరీక్షల గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఒక్కసారి సూది గుచ్చి తీసిన రక్తంలోనే హిమోగ్లోబిన్, గ్రూపు, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి చూస్తారు. థైరాయిడ్ కూడా చాలాచోట్ల చూస్తారు. మూత్రంలో ఆల్బుమిన్, షుగర్ చూస్తారు. హెచ్‌ఐవీ పరీక్ష అనగానే "మా అమ్మాయి అలాంటిది కాదండి" అని గొడవపడినవాళ్ళని చూశాను. అందరికీ చేసేదే అది. ఉన్నట్టు తేలినా, మందులు సరిగ్గా వాడితే బిడ్డకి సోకే అవకాశం నూటికి ఐదు కన్నా తక్కువకి పడిపోతుంది. సిఫిలిస్‌కి పెన్సిలిన్ ఉంది. హెపటైటిస్-బి తల్లికి ఉంటే బిడ్డకి పుట్టిన 24 గంటల్లోపు టీకా వేస్తారు. తెలియకపోతేనే నష్టం.

హిమోగ్లోబిన్ గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి. 11 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనత, 7 కన్నా తక్కువుంటే తీవ్రమైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. కాలువ గట్టు మీద తోటకూర, పెరట్లో మునగాకు, కోళ్ళఫారాల గుడ్లు, చెరువుల్లో చేపలు ఉన్న ఈ నేలలో ఇంత రక్తహీనత ఉండడం నన్ను బాధపెట్టే విషయం. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఒక కారణం. మాత్రలు మానేయడం ఇంకో కారణం. నాలుగో నెల నుంచి రోజుకి ఒక ఐరన్ మాత్ర, 180 రోజులు ఇస్తారు. కాన్పయ్యాక ఇంకో 180 రోజులు. వేసుకున్న రెండో రోజు విరేచనం నల్లగా అవుతుంది, అమ్మాయి భయపడి మానేస్తుంది. అది మామూలే, ఇనుము రంగు అది. ఈ మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్నది వట్టి మాట, కుంకుమపువ్వు తాగితే తెల్లగా పుడుతుందన్నదీ అంతే. కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. నిమ్మరసంతో అయితే ఒంటికి బాగా పడుతుంది. టీ, కాఫీలతో వేసుకుంటే సగం వృథా. కాల్షియం మాత్రనీ దీన్నీ కలిపి మింగకూడదు, మధ్యలో కొన్ని గంటలైనా ఎడం ఉండాలి.

ధనుర్వాతం రాకుండా టీడీ ఇంజెక్షన్ కూడా ఉంటుంది, నెల తేడాతో రెండు డోసులు. దాని గురించి ఎవరికీ గొడవ లేదు.

స్కానింగ్ గురించి ఇంతసేపూ కావాలనే ఆగాను. మనవాళ్ళకి మొదటి విజిట్ అంటేనే స్కానింగ్. నరసాపురం వైపు ఒకచోట వరండాలో కూర్చున్నప్పుడు, పక్కనున్నావిడ లేసు అల్లుకుంటూనే చెప్పింది, కూతురిని పొద్దున్నుంచీ స్కాన్ కోసం కూర్చోబెట్టాననీ, అదవగానే వెళ్ళిపోతాననీ. డాక్టరుకి చూపించవా అంటే, "బేబీ బాగుందంటే ఇంకేం కావాలండి" అంది. స్కాన్ చెప్పేది గర్భం ఎక్కడ నిలబడింది, ఎన్ని వారాలు, ఒకరా ఇద్దరా, గుండె కొట్టుకుంటోందా అని. తల్లికి రక్తం చాలడం లేదని స్కాన్ చెప్పదు, బీపీ ఉందని చెప్పదు.

ఎవరూ ముందుగా చెప్పని విషయం ఒకటుంది. మరీ తొలి వారాల్లో పొట్ట మీద నుంచి చూస్తే సరిగ్గా కనపడకపోవచ్చు. అప్పుడు సన్నటి గొట్టంలాంటి పరికరంతో యోని లోపలి నుంచి చూస్తారు. ఆ మాట చెప్పకుండా "పడుకో, బట్ట తియ్యి" అంటే పంతొమ్మిదేళ్ళ పిల్ల హడలిపోతుంది. ఆ స్కాన్‌తో బిడ్డకేమీ కాదు, గర్భం పోదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. కానీ ముందుగా చెప్పి, ఆమె సరేనన్నాకే చేయాలి. చేసేది మగ డాక్టరైతే గదిలో సిస్టర్ ఉండాలని అడగడం ఆమె హక్కు. పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌కి నీళ్ళు తాగి ఆపుకోవాలి, లోపలి స్కాన్‌కి మూత్రం పోసి రావాలి. ఏది చేస్తారో అడిగి తెలుసుకుంటే గంటలకొద్దీ ఆపుకుని బాధపడే పని ఉండదు.

మొదటి స్కాన్‌లో గుండె చప్పుడు కనపడలేదంటే అంతా అయిపోయినట్టు కాదు. ఆరేడు వారాలు రాకుండా వెళ్తే కనపడకపోవచ్చు, డేట్ తప్పు చెప్పినా కనపడకపోవచ్చు. విపరీతమైన నొప్పీ రక్తస్రావమూ లేనప్పుడు, ఒక్క తొలి స్కాన్ చూసి "కడిగించేయండి" అంటే ఒప్పుకోవద్దు. వారం, పది రోజులాగి మళ్ళీ చూడమనండి. తర్వాత 11 నుంచి 13 వారాల మధ్య బిడ్డ మెడ వెనక నీటి మందం చూసే ఎన్‌టీ స్కాన్, 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ ఉంటాయి. వాటి తేదీలు ఆ రోజే రాయించుకోండి. ఆడా మగా అని మాత్రం అడగొద్దు. 1994 చట్టం ప్రకారం అడగడమూ నేరమే, చెప్పడమూ నేరమే.

కాన్పు ఎక్కడ అన్న ఆలోచన కూడా ఆ రోజే మొదలవ్వాలి. మనకి మొదటి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలో భీమవరం నుంచి ముమ్మిడివరం వెళ్ళిన పిల్ల ఫైలు భీమవరంలోనే ఉండిపోతే కొత్త డాక్టరుకి ఏమీ తెలీదు. ప్రతి కాగితం అమ్మాయి దగ్గరే ఉండాలి, ఒక్క కవర్లో. ఇక లంకల్లో ఉండేవాళ్ళు కాన్పు తేదీ జులై నుంచి సెప్టెంబరు లోపు పడిందేమో చూసుకోవాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. అలాంటి వరదలో నొప్పులతో పడవెక్కడం ఏ తల్లికీ రాకూడదు. తేదీ వరదల్లో పడితే ముందే గట్టున ఉన్న చుట్టాల ఇంటికి వచ్చేయాలి. ప్రభుత్వాస్పత్రిలో కాన్పుకి, ఆపరేషన్ అయినా సరే, మందులతో పాటు అన్నీ ఉచితమే, 2011 నుంచీ ఉన్న నిబంధన అది. ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అనే ప్రభుత్వ బండి ఉంది. నాలుగో నెల నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణులకి డాక్టరు చేత ఉచితంగా పరీక్షలు చేయిస్తారు, ప్రైవేటులో చూపించుకుంటున్నా అక్కడికి ఒకసారి వెళ్ళి రావచ్చు.

గదిలోంచి బయటికి వచ్చే ముందు అమ్మాయి అడగాల్సినవి రెండు. మళ్ళీ ఎప్పుడు రావాలి, ఏం జరిగితే ఆగకుండా రావాలి. రక్తం కనపడడం, నీళ్ళు కూడా నిలవనంత వాంతులు, జ్వరం, విపరీతమైన కడుపునొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం. ఇవి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

చివరిగా గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్ళకి ఒక మాట. మీరు రాలేరు, అది అర్థమవుతుంది. మీ బ్లడ్ గ్రూపు, మీ ఇంట్లో ఉన్న జబ్బుల సంగతి ముందు రోజే ఆమెకి మెసేజ్ పెట్టండి. ఆ తర్వాత మీ అమ్మగారికి ఫోన్ చేసి, డాక్టరమ్మ అడిగినప్పుడు కోడలిని చెప్పనివ్వమని చెప్పండి. ఆ మాట కోడలు అంటే ఎదురుచెప్పినట్టుంటుంది. నాలాంటి పెద్ద కోడలు అంటే తగువులా ఉంటుంది. కొడుకు అంటే ఆవిడ వింటారు.